నెట్ సెంటర్‌లో ఫోటో, సంతకం సైజు పనికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?

ఏడురోడ్లనెట్ (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మాది ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో చిన్న నెట్ సెంటర్. రెండు సిస్టమ్‌లు, ఒక స్కానర్, ఒక కలర్ ప్రింటర్. సిస్టమ్‌లు రెండూ పాతవే, విండోస్ 7, 4 జీబీ ర్యామ్. ఏదైనా నోటిఫికేషన్ పడిందంటే ఆఖరి తేదీ ముందు రోజు కుర్రాళ్లు మెట్ల కింద దాకా నిలబడతారు. పనంతా ఒకటే. ఫోటో కత్తిరించాలి, సంతకం స్కాన్ చేయాలి, అడిగిన కేబీలోకి తేవాలి.

సెంటర్ తీసుకున్నప్పుడే ఈ సిస్టమ్‌లలో క్రాక్ చేసిన ఫోటోషాప్ ఉంది. దాన్ని పీకేద్దామని అనుకుంటున్నాను. అసలుది కొందామంటే నెలనెలా చందా, మా లెక్కకి కుదరదు. ఆన్‌లైన్‌లో సైజు తగ్గించే వెబ్‌సైట్లు ఉన్నాయి గానీ, జనాల ఫోటో, సంతకం, వేలిముద్ర తీసుకెళ్లి ఎవరిదో సర్వర్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా నెట్ ఉండని పూటలు కూడా ఉంటాయి. ఒక్కడే కూర్చుని రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని, పాత సిస్టమ్‌లలో కూడా బాగా నడుస్తుందని ఎవరో అన్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాజాం_డీటీపీ (రాజాం)

అన్నా, నువ్వు విన్నది ఇర్ఫాన్‌వ్యూ గురించే అయి ఉంటుంది. ఇర్ఫాన్ స్కిల్యాన్ అని బోస్నియాలో పుట్టి ఆస్ట్రియాలో ఉంటున్న ఆయన రాశాడు. మొదటి వెర్షన్ 1996లో వచ్చింది. ఇప్పటికీ దాన్ని చూసుకునేది ఆయనే. ఎర్రటి పిల్లి బొమ్మ ఐకాన్ ఉంటుంది చూడు, అదే. సెటప్ ఫైలు కొద్ది ఎంబీలే. ఫోటోషాప్ తెరుచుకునేలోపు ఇందులో ఒక అప్లికేషన్ పని అయిపోతుంది.

షిఫ్ట్, సీ కలిపి నొక్కితే వెడల్పు, ఎత్తు అంకెల్లో ఇచ్చి పెట్టె గీసుకోవచ్చు. ఆ పెట్టెని ముఖం మీదికి జరిపి కంట్రోల్ వై కొడితే కత్తిరింపు అయిపోయినట్టే. సైజు మార్చడానికి కంట్రోల్ ఆర్. ప్లగిన్లు, అంటే అదనపు సౌకర్యాలు కలిపే చిన్న ముక్కలు, విడిగా దింపుకోవాలి, అది మాత్రం మర్చిపోకు. వాటిలో రయట్ అనేది ఉంటే సేవ్ చేసేటప్పుడు ఇన్ని కేబీల్లో కావాలని చెప్పొచ్చు. నీకు కావలసింది అదే కదా.

బొబ్బిలి_మాస్టారు (బొబ్బిలి)

రాజాం తమ్ముడు చెప్పింది నిజం. మా బడిలో పిల్లల ఫోటోలన్నీ ఫోన్‌లోనే తీస్తాం. ఒక్కొక్కటీ నాలుగైదు ఎంబీలు ఉంటుంది. ఇర్ఫాన్‌వ్యూలో బీ నొక్కితే బ్యాచ్ విండో వస్తుంది. ఫోల్డర్ మొత్తం అందులో పడేసి, సైజు ఒకసారి చెప్పి, పేర్లు కూడా వరుస నంబర్లతో మారేలా పెడితే, నేను టీ తాగి వచ్చేసరికి క్లాసు క్లాసంతా తయారు. ఒక్కో ఫోటో తెరిచి మూసే పని లేదు.

ఒక్క జాగ్రత్త. బ్యాచ్ చేసేటప్పుడు కొత్త ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో పడేలా పెట్టుకోండి. పాత వాటి మీదే రాసేస్తే అసలు ఫోటోలు ఇక దొరకవు.

పాతకాపు_వీబీ (విజయనగరం)

ఇద్దరూ మంచి మాటే చెప్పారు గానీ అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇర్ఫాన్‌వ్యూ ఇంట్లో సొంతానికి వాడుకునేవాళ్లకి ఉచితం. బడులు, కాలేజీలు, లైబ్రరీలు, మ్యూజియంలు, ధర్మ సంస్థలకి కూడా ఉచితమే. కాబట్టి మాస్టారూ, మీకు ఏ ఇబ్బందీ లేదు. కానీ డబ్బులు తీసుకుని పనిచేసే షాపుకి అది ఉచితం కాదు, లైసెన్స్ కొనాలి. ఆ విషయం ఆయన సైట్‌లోనూ, సెటప్ చేసేటప్పుడు వచ్చే విండోలోనూ రాసే ఉంటుంది. మనం చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేస్తాం, అంతే.

షాపుకి కూడా పూర్తిగా ఉచితమైనది కావాలంటే ఫోటోడీమన్ చూడండి. ఇది కూడా ఒక్కడు మొదలుపెట్టి నడిపిస్తున్నదే. టానర్ హెల్లాండ్ అని అమెరికా ఆయన. బీఎస్‌డీ అనే ఉచిత లైసెన్స్ కాబట్టి సోర్స్ కోడ్‌తో, అంటే ప్రోగ్రామ్ అసలు రాతతో సహా అందరికీ తెరిచి పెట్టాడు. ఇంట్లో వాడినా, షాపులో వాడినా, ఆఫీసులో వాడినా పైసా అడగడు. ఇష్టమైనవాళ్లు విరాళం ఇస్తారు. దీన్ని ఇన్‌స్టాల్ చేయనే అక్కర్లేదు. జిప్ ఫైలు విప్పి ఫోల్డర్‌లో పెట్టుకుంటే పెన్ డ్రైవ్ మీంచి కూడా నడుస్తుంది. విండోస్ 7లో హాయిగా నడుస్తుంది. లేయర్లు (బొమ్మ మీద బొమ్మ పేర్చే పొరలు) ఉన్నాయి, ఫోటోషాప్ సొంత పీఎస్‌డీ ఫైళ్లు కూడా తెరుస్తుంది.

నాకు దీని మీద కొంచెం పక్షపాతం ఉందనుకోండి. మొత్తం విజువల్ బేసిక్ 6లో రాశాడు. 1998లో వచ్చిన భాష అది, దాన్ని మైక్రోసాఫ్ట్ 2008లోనే వదిలేసింది. మా తరంలో విజయనగరంలో కంప్యూటర్ కోర్సు అంటే వీబీ, లేకపోతే టాలీ. వీబీలో మేం చేసిన గొప్ప ప్రాజెక్టు లైబ్రరీ పుస్తకాల లెక్క. అదే భాషలో ఈయన ఏకంగా ఫోటో ఎడిటర్ కట్టాడని తెలిసి సోర్స్ కోడ్ తెరిచి ఒక పూటంతా చదువుతూ కూర్చున్నాను. కామెంట్లు ఎంత శ్రద్ధగా రాశాడంటే, మా సార్లు చూసి ఉంటే రికార్డు పుస్తకంలో పూర్తి మార్కులు వేసేవాళ్లు.

గంటస్తంభం_స్టూడియో (విజయనగరం)

లైసెన్సా? ఆస్ట్రియా నుంచి ఆయన బయల్దేరి వచ్చి శ్రీకాకుళంలో నెట్ సెంటర్ తలుపు కొడతాడేటి? ఊళ్లో సగం స్టూడియోల్లో ఫోటోషాప్ ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. ఏదో చిన్న పని చేసుకునేవాణ్ణి ఎందుకు భయపెడతారు బాబూ.

పాతకాపు_వీబీ (విజయనగరం)

భయపెట్టడం లేదండి. మొన్న వేరే చర్చలో మీరే రాశారు కదా, మీరు తీసిన సిరిమాను ఫోటోని ఎవరో అడగకుండా ఫ్లెక్సీ మీద వేసుకున్నారని, కనీసం పేరు కూడా పెట్టలేదని. మీ కోపం న్యాయమైనదే. ఇదీ అలాంటిదే కదా. ఆయన రాసిన షరతు ఒక్కటే, దాని మీద సంపాదించేవాళ్లు నాకూ కాస్త ఇవ్వండి అని. అది నచ్చకపోతే ఆ షరతు లేనిది పక్కనే ఉంది, దాన్ని వాడుకోవచ్చు.

గంటస్తంభం_స్టూడియో (విజయనగరం)

ఆ ఫోటో సంగతి వేరు. అయినా సరే, కానివ్వండి. నేను మాత్రం ఫోటోషాప్ వదలను. పెళ్లి ఆల్బమ్ పని వీటితో కాదు.

రాజాం_డీటీపీ (రాజాం)

ఆల్బమ్ గురించి ఎవరడిగారు అన్నా, ఆయన అడిగింది 20 కేబీ ఫోటో గురించి.

పాతకాపు గారూ, షాపు లైసెన్స్ సంగతి చెప్పి మంచి పని చేశారు. నేనూ ఆ పేజీ చూశాను. ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా చందా కాదు. పెయింట్ డాట్ నెట్ కూడా ఉంది కదా, దాని మాటేంటి? అది షాపుల్లో కూడా వాడుకోవచ్చనే గుర్తు.

పాతకాపు_వీబీ (విజయనగరం)

వాడుకోవచ్చు. దాని సైట్ నుంచి దింపుకుంటే ఉచితం, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో అయితే డబ్బులు. 2004లో అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. తర్వాత రిక్ బ్రూస్టర్ అనే ఆయన దాన్ని నడిపిస్తున్నాడు. చాలా బాగుంటుంది. కానీ ఇప్పుడొస్తున్న 5వ వెర్షన్లకి 64 బిట్ విండోస్ 10 గానీ 11 గానీ ఉండాలి. ఏడురోడ్లనెట్ గారి సిస్టమ్‌లలో ఎక్కదు. గింప్ అని ఇంకో ఉచిత ఫోటో ఎడిటర్ ఉంది, దాని 3.0 వెర్షన్ పరిస్థితీ అంతే, దానికీ విండోస్ 10 కావాలి.

ఇంకో మాట. విండోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. కస్టమర్లు ఆధార్ కార్డులు, సర్టిఫికెట్లు పెన్ డ్రైవ్‌లో తెచ్చే చోట అది ఫోటో సాఫ్ట్‌వేర్ కన్నా పెద్ద సమస్య. కనీసం ఒక సిస్టమ్ అయినా మార్చే ఆలోచన చేయండి.

కవిటి_కుర్రాడు (కవిటి)

అన్నలూ, మధ్యలో దూరుతున్నాను. నాది వేరే బాధ. బ్యాంకు పరీక్షకి సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలన్నారు. 140 బై 60 పిక్సెల్స్ అన్నారు. సరిగ్గా అదే సైజు పెడితే 4 కేబీ వస్తోంది. పెద్దది పెడితే కొలత తప్పు అంటారేమోనని భయం. ఎక్కువైతే తగ్గించడం అందరూ చెప్తారు, తక్కువైతే పెంచడం ఎలాగో ఎవరూ చెప్పరు. రేపే ఆఖరి తేదీ, టెన్షన్‌గా ఉంది.

పాతకాపు_వీబీ (విజయనగరం)

బాబూ, కంగారు పడకు. లెక్క వివరంగా చెప్తాను, ఏడురోడ్లనెట్ గారికి కూడా ఇదే రోజూ వచ్చే తలనొప్పి.

పిక్సెల్, డీపీఐ, కేబీ అని మూడు మాటలు వినిపిస్తాయి. బొమ్మలో ఎన్ని చుక్కలు ఉన్నాయన్నది పిక్సెల్స్. ఆ చుక్కలు కాగితం మీద అంగుళానికి ఎన్ని పడాలన్నది డీపీఐ. స్కాన్ చేసేటప్పుడు అది ఎక్కువ పెడితే చుక్కలు పెరుగుతాయి గానీ, స్కాన్ అయ్యాక ఆ అంకె ఒక్కటీ మారిస్తే ఫైలు బరువు మారదు. డీపీఐ 200 అని రాసినా 300 అని రాసినా పిక్సెల్స్ అవే ఉంటే కేబీ దాదాపు అంతే ఉంటుంది. చాలామంది అక్కడే గంటలు పోగొట్టుకుంటారు.

140 బై 60 అంటే 8,400 చుక్కలు. రంగులో చుక్కకి 3 బైట్లు చొప్పున, అస్సలు కుదించకపోయినా 25 కేబీ లోపే. అందులో ఎక్కువ భాగం తెల్ల కాగితం. ఫోటో ఫైళ్లని కుదించి దాచే జేపీజీ పద్ధతి తెల్లటి ఖాళీని చాలా చిన్నగా మడిచేస్తుంది. అందుకే నీకు 4 కేబీ వచ్చింది. అందులో నీ తప్పేమీ లేదు. ఫోటోకి 200 బై 230 అంటే 46,000 చుక్కలు, విప్పితే 135 కేబీ దాకా ఉంటుంది. కుదిస్తే క్వాలిటీని బట్టి 20కి అటూ ఇటూ ఊగుతుంది. వెనక తెల్ల తెర ఉంటే 20 లోపుకి కూడా పడిపోతుంది.

చేయాల్సింది ఇది. ముందు సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ 100 పెట్టు. ఇర్ఫాన్‌వ్యూలో అదే విండోలో క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు వివరం తగ్గించి ఫైలుని చిన్నది చేయడం) ఆపే టిక్ ఒకటి ఉంటుంది, అదీ పెట్టు. అప్పటికీ 10 దాటకపోతే నోటిఫికేషన్ మళ్లీ చదువు. బ్యాంకు పరీక్షల వాటిలో 140 బై 60 పక్కన ‘ప్రిఫర్డ్’ అని, అంటే అలా ఉంటే మంచిది అని ఉంటుంది. అలా ఉంటే కొలతల నిష్పత్తి చెడకుండా రెట్టింపు చెయ్యి, 280 బై 120. చుక్కలు నాలుగింతలు అవుతాయి, కేబీ కూడా బాగా పెరుగుతుంది. కానీ ఉన్న చిన్న బొమ్మనే సాగదీయకు. అసలు స్కాన్ నుంచి మళ్లీ ఆ సైజుకి కత్తిరించు, లేకపోతే గీతలు మసకబారతాయి. అదే నోటిఫికేషన్‌లో కచ్చితమైన కొలత అని రాసి ఉంటే మాత్రం కొలత మార్చొద్దు.

తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో సంతకం పెట్టు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పెడితే ఒప్పుకోరు. ఫోన్‌తో ఫోటో తీసి పంపేవాళ్లకి చేతి నీడ కాగితం మీద పడి బూడిద రంగు వస్తుంది. స్కానర్ ఉంటే స్కానరే మేలు.

కవిటి_కుర్రాడు (కవిటి)

280 బై 120కి 12 కేబీ వచ్చింది, సైట్ తీసుకుంది. ప్రిఫర్డ్ అనే ఉంది. థాంక్యూ అన్నా.

బొబ్బిలి_మాస్టారు (బొబ్బిలి)

శుభం. బాగా రాయి బాబూ.

పాతకాపు గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. జేపీజీ ఫైలుని తెరిచి సేవ్ చేసి, మళ్లీ తెరిచి సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ కొంత వివరం పోతుంది. ఫోటో తిప్పడం లాంటి చిన్న పనికి ఇర్ఫాన్‌వ్యూలో షిఫ్ట్ జే ఉంది, నష్టం లేకుండా తిప్పుతుంది. దానికీ ప్లగిన్లు ఉండాలి.

పొందూరు_నూలు (పొందూరు)

నమస్తే. నా ప్రశ్న కొంచెం పక్కది. మా ఇంట్లో ఖద్దరు అమ్ముతాం. ఫోన్‌లో తీసిన పంచెల, చీరల ఫోటోల మీద తెలుగులో ధర, నూలు రకం రాసి వాట్సాప్‌లో పెడుతుంటాను. డీటీపీ వాళ్లిచ్చిన అను ఫాంట్లు నా సిస్టమ్‌లో వేసి మామూలుగా టైప్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఒత్తులు సరిగ్గా పడేవి ఏవి?

రాజాం_డీటీపీ (రాజాం)

అక్కా, అది మా పని కాబట్టి నేను చెప్తాను. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు దాచిన ఫాంట్లు అవి. వాటికి వాటి కీబోర్డు, వాటి పద్ధతి వేరే. ప్రింటింగ్ ప్రెస్‌లు ఇంకా వదల్లేదు గానీ నువ్వు కొత్తగా మొదలుపెడుతుంటే వాటి జోలికి పోకు. ఫోన్‌లో టైప్ చేసే తెలుగే యూనికోడ్, దాన్నే కంప్యూటర్‌లోకి కాపీ చేసి వాడుకో.

గూగుల్ ఫాంట్స్‌లో మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. మండలి, రామభద్ర, పొన్నాల, సురన్న, ఇంకా చాలా. గిడుగు, గురజాడ అనే పేర్లతో కూడా ఉన్నాయి, మన వైపు వాళ్ల పేర్లు చూస్తే సరదాగా ఉంటుంది. అవన్నీ వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. ధర దూరం నుంచి కనపడాలంటే రామభద్ర వాడు, లావుగా నిండుగా ఉంటుంది.

ఒత్తుల విషయంలో నాకు గింప్ మీదే నమ్మకం. అక్షరాలు పేర్చే పనిని అది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి అప్పగిస్తుంది. క్ష్మి, స్త్రీ లాంటివి కూడా సరిగ్గా కడుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ముందు ఈ రెండూ టైప్ చేసి చూడు, ముక్కలు విడిపోకపోతే మిగతావి భయం లేదు.

పొందూరు_నూలు (పొందూరు)

నా ల్యాప్‌టాప్ విండోస్ 10 కాబట్టి గింప్ వేస్తాను. నేను అమ్ముకునేదాన్ని కదా, దానికి డబ్బులు కట్టాలా?

పాతకాపు_వీబీ (విజయనగరం)

అక్కర్లేదమ్మా. గింప్‌ది జీపీఎల్ అనే ఉచిత లైసెన్స్, వ్యాపారానికి నిస్సంకోచంగా వాడుకోవచ్చు. 1995లో ఇద్దరు విద్యార్థులు బర్క్‌లీలో మొదలుపెట్టారు, ఇప్పుడు ఎంతోమంది కలిసి నడిపిస్తున్నారు.

ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేకపోతే ఫోటోపీ అని బ్రౌజర్‌లో నడిచేది ఒకటుంది. ఇవాన్ కుత్స్కిర్ అనే ఒక్క ప్రోగ్రామర్ కట్టాడు. అచ్చం ఫోటోషాప్‌లా ఉంటుంది, పక్కన ప్రకటనలు వస్తాయి. వెబ్‌సైట్ అయినా మీ ఫైళ్లు సర్వర్‌కి పోవు, పని మీ సిస్టమ్‌లోనే జరుగుతుంది. ఏడురోడ్లనెట్ గారు మొదట్లో చెప్పిన భయానికి ఇదొక మినహాయింపు.

ఏడురోడ్లనెట్ (శ్రీకాకుళం)

అందరికీ ధన్యవాదాలు. ఇంత లోతుగా చెప్తారనుకోలేదు. క్రాక్ పీకేశాను. రెండు సిస్టమ్‌లలోనూ ఫోటోడీమన్ పెట్టాను. పాతకాపు గారు చెప్పినట్టు జిప్ విప్పితే చాలు, వెంటనే తెరుచుకుంది. సేవ్ చేసేటప్పుడు బొమ్మ ఎలా మారుతుందో అక్కడే చూపించడం నాకు బాగా నచ్చింది, కస్టమర్‌కి కూడా చూపించి సరేనా అని అడుగుతున్నాను. మాక్రో కూడా నేర్చుకున్నాను. సంతకం బొమ్మని నలుపు తెలుపు చేయడం, కాంట్రాస్ట్ పెంచడం, సైజు మార్చడం ఒకసారి రికార్డు చేసి పెట్టాను. ఇప్పుడు మా తమ్ముడు కూడా ఆ ఒక్కటే నొక్కి పని కానిచ్చేస్తున్నాడు.

ఎక్కువ రద్దీ ఉండే సిస్టమ్‌కి మాత్రం ఇర్ఫాన్‌వ్యూ లైసెన్స్ కొనబోతున్నాను. ఇన్ని కేబీ కావాలి అని నేరుగా చెప్పే సౌకర్యం రద్దీలో చాలా కలిసొస్తుంది. సిస్టమ్ మార్చడం ఈ సీజన్ అయ్యాక చూస్తాను.

గంటస్తంభం_స్టూడియో (విజయనగరం)

సరే, మీ అందరి గోల విని నేనూ ఆ ఫోటోడీమన్ తెరిచి చూశాను. పర్లేదు, బాగానే ఉంది. పాస్‌పోర్ట్ ఫోటోలు 4 బై 6 అంగుళాల కాగితం మీద ఎనిమిది పేర్చాలంటే ఇందులో ఎలా? ఫోటోషాప్‌లో నాకు యాక్షన్ ఉంది, ఒక్క నొక్కుతో అయిపోతుంది.

పాతకాపు_వీబీ (విజయనగరం)

చూశారా, వచ్చారు.

35 బై 45 మిల్లీమీటర్ల ఫోటో 300 డీపీఐలో 413 బై 531 పిక్సెల్స్ అవుతుంది. కాగితాన్ని అడ్డంగా తీసుకుని 1800 బై 1200 పిక్సెల్స్ తెల్ల బొమ్మ కొత్తది తెరవండి. ఫోటోని కొత్త లేయర్‌గా అతికించి నకళ్లు చేసుకుంటూ అడ్డంగా నాలుగు, రెండు వరసల్లో పెట్టండి. అడ్డంగా 1652 పోగా 148 మిగులుతుంది, అంటే సందు 29 పిక్సెల్స్‌కి కాస్త పైనే. నిలువుగా 1062 పోగా 138, అంటే సందు 46. కత్తెర పట్టడానికి ఆ ఖాళీ చాలు. ఒకసారి పేర్చుకున్నాక దాన్ని ఫోటోడీమన్ సొంత ఫార్మాట్‌లో లేయర్లతో సహా దాచుకోండి, తర్వాత ఫోటోలు మార్చుకుంటే సరిపోతుంది.

రాజాం_డీటీపీ (రాజాం)

ప్రింట్ కొట్టే ముందు ప్రింటర్ విండోలో కాగితానికి సరిపోయేలా కుదించే టిక్ ఉంటే తీసేయండి. అది ఉంటే 35 మిల్లీమీటర్లు కాస్తా 33 అయిపోతుంది. మొదటి కాపీ మీద స్కేలు పెట్టి కొలిచాకే మిగతావి వదలండి.